ఎటు నుంచి?



ఇంగ్లండులో ఉంటున్న మీ అమ్మాయో అబ్బాయో ఫోన్‌లో "ఇవాళ ఇక్కడ ఒకటే గాలి" అన్నారనుకోండి. మనం వెంటనే అడిగే మాట "ఎంత?" అని. వాళ్ళు సెల్లు చూసి గంటకు 20 మైళ్ళంటారు. మనం దాన్ని 32 కిలోమీటర్లుగా మార్చుకుని, తుపాన్లు చూసిన వాళ్ళం కదా, ఓస్ ఇంతేనా అనుకుని వేరే కబుర్లలో పడతాం. అదే మాట అక్కడి పల్లెలో ముసలి రైతు ఎవరితోనైనా అని చూడండి. అతను ఎంత అని అడగడు. "ఎటు నుంచి?" అంటాడు.

అక్కడి గాలి కబురులో ముఖ్యంగా మూడు సంగతులుంటాయి: గాలి వచ్చే దిక్కు, సగటు వేగం, విసురు. విసురంటే గాలి ఉండుండి ఒక్కసారిగా ఎంత జోరుగా కొడుతుందో ఆ లెక్క, వాళ్ళు గస్ట్ అనేది. చాలామంది నడిమి అంకె ఒక్కటే చెవిన వేసుకుంటారు. పల్లెలో కాపురం ఉండేవాడికి ఈ మూడింటిలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఆ నడిమి అంకేనని నా అభిప్రాయం. ముందు దిక్కు చూడాలి, తరవాత విసురు చూడాలి. సగటు ఆఖరున చూసినా నష్టం లేదు. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే మిమ్మల్ని ఒక లోయలోకి తీసుకెళ్ళాలి.

ఇంగ్లండుకు ఉత్తరపు కొసన, స్కాట్లండు సరిహద్దును ఆనుకుని కంబ్రియా ఉంది. అందులో ఈడెన్ అనే నది, దాని లోయ. లోయకు పడమర లేక్ డిస్ట్రిక్ట్ కొండలు, తూర్పున పెనైన్ కొండల బారు. ఆ బారులో అన్నిటికన్నా ఎత్తైనది క్రాస్ ఫెల్, 893 మీటర్లు. అరకు ఊరే దాదాపు అంత ఎత్తులో ఉంది, ఇదేం కొండ అనిపించవచ్చు మనకి. కానీ ఆ చలిదేశంలో ఆ ఎత్తున చెట్టన్నది మొలవదు. గడ్డి, తడినేల, రాళ్ళు, అంతే. ఆ కొండ పాదాన వరసగా చిన్న చిన్న ఊళ్ళున్నాయి: డఫ్టన్, మిల్‌బర్న్, కర్క్‌ల్యాండ్, మెల్మర్బీ. ఎర్రటి ఇసుకరాతి ఇళ్ళు, ఊరి నడుమ పచ్చిక, ఒక చర్చి, ఉంటే ఒక పబ్బు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఆ పక్కనే ఇల్లు తీసుకుంది కాబట్టి ఎండాకాలం ముందర అక్కడికి వెళ్ళి ఉండడం నాకు అలవాటైంది.

దిక్కు సంగతి. గాలిని ఎక్కడైనా వచ్చే దిక్కుతోనే చెబుతారు, వెళ్ళే దిక్కుతో కాదు. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి. మనకిది కొత్త కాదు. నైరుతి రుతుపవనాలు నైరుతి నుంచే కదా వస్తాయి. చిక్కంతా సెల్లులోని బాణంతో వస్తుంది. చాలా యాప్‌లలో బాణం మొన గాలి పోయే వైపుకు ఉంటుంది, పక్కన ఉండే అక్షరాలేమో వచ్చే వైపు చెబుతాయి. బాణం ఈశాన్యానికి చూపిస్తుంటే అది నైరుతి గాలి. గాలి దిక్కు చూపడానికి చర్చి గోపురం మీద పెట్టే ఇనప కోడిపుంజు దీనికి సరిగ్గా తలకిందులు. దాని తోక వెడల్పు, తల సన్నం. తోకను గాలి వెనక్కి నెట్టేస్తుంది కాబట్టి ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురుగా నిలుస్తుంది. కోడి ఎటు చూస్తే గాలి అటు నుంచి వస్తున్నట్టు. కోడిని చూసి, వెంటనే సెల్లు చూసి, రెండూ తగువు పడుతున్నాయని కంగారుపడే కొత్తవాళ్ళుంటారు. రెండూ ఒకటే మాట చెబుతుంటాయి. ఇనపకోడి తుప్పుపట్టి ఒకే వైపు బిగుసుకుపోయిన ఊళ్ళు కూడా ఉంటాయి లెండి. అక్కడ పొగగొట్టాల వంక చూడడం మేలు.

ఆ లోయలో ఒక్కో దిక్కుది ఒక్కో గుణం. ఏడాదిలో ఎక్కువ రోజులు వీచేది నైరుతి, పడమటి గాలి. అట్లాంటిక్ మహాసముద్రం మీది తడంతా మోసుకొస్తుంది. అయితే ఆ తడిలో చాలా వాటా లేక్ డిస్ట్రిక్ట్ కొండలే పిండేసుకుంటాయి. అక్కడ సీత్‌వెయిట్ అనే చోట ఏడాదికి 3 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండ దాటి ఈడెన్ లోయ అడుక్కి వచ్చేసరికి అది వెయ్యి లోపుకు పడిపోతుంది. అందుచేత నైరుతి గాలి 25 మైళ్ళన్నా లోయవాళ్ళు పెద్దగా లెక్కచేయరు. వాళ్ళ ఇళ్ళు, కంచెలు, చెట్లు అన్నీ ఆ గాలికి అలవాటుపడినవే. వాయవ్యం నుంచి వస్తే చలిజల్లులు. ఆకాశం తేటగా ఉన్నట్టే ఉండి, జల్లుతో పాటు గాలి గభాలున మీద పడుతుంది. తూర్పు, ఈశాన్యం నుంచి వస్తే పొడిగా, ఎముకలు కొరికేట్టు ఉంటుంది. అసలు కథ అక్కడుంది.

బ్రిటన్ మొత్తంలో సొంత పేరున్న గాలి ఒక్కటే. దాని పేరు హెల్మ్. ఈశాన్య గాలి పెనైన్ కొండల మీదుగా ఎక్కి, క్రాస్ ఫెల్ శిఖరం దాటి, పడమటి వాలు మీంచి ఈ ఊళ్ళ మీదకు దూకినప్పుడు దాన్ని హెల్మ్ అంటారు. కొండ ఆకారమే దీనికి కారణం. తూర్పు వైపు కొండ మెల్లగా, మైళ్ళ తరబడి ఎక్కుతుంది. పడమటి వైపు మాత్రం నిటారుగా తెగిపడుతుంది. చలిగాలి తూర్పు వాలెక్కి వస్తుంటే, శిఖరానికి కొంచెం పైన వెచ్చటి గాలి పొర ఒకటి మూతలా అడ్డుపడే రోజులుంటాయి. పైకి పోవడానికి దారి లేక, ఆ చలిగాలి శిఖరానికీ మూతకూ నడుమ ఇరుక్కుని, అవతలి వాలు మీదుగా జోరందుకుని కిందికి జారుతుంది.

పంటకాలవలో నీళ్ళు ఒక పెద్ద రాయి మీదుగా పారడం మీరు చూసే ఉంటారు. రాయి దాటాక నీరు ఒక్కసారి కిందికి దిగి, వెంటనే పైకి లేచి, అక్కడే ఒక అల నిలబడిపోతుంది. నీళ్ళు పారిపోతూనే ఉంటాయి, అల మాత్రం కదలదు. క్రాస్ ఫెల్ దగ్గర గాలి చేసేది అచ్చం ఇదే. శిఖరం మీద తెల్లటి మబ్బు టోపీ పెట్టినట్టు కూర్చుంటుంది. దాని నుంచి నాలుగైదు కిలోమీటర్లు పడమరగా, కొండబారుకు సమాంతరంగా, సన్నటి పొడుగాటి మబ్బు కడ్డీ ఒకటి ఆకాశంలో వేలాడుతుంది. ఆ కడ్డీని అక్కడివాళ్ళు బార్ అంటారు. అల పైకి లేచిన చోట గాలి చల్లబడి ఏర్పడిన మబ్బది. తూర్పు అంచున కొత్త మబ్బు పుడుతూ, పడమటి అంచున కరిగిపోతూ, గంటల తరబడి అక్కడే ఉంటుంది. టోపీకీ కడ్డీకీ మధ్య ఉన్న ఊళ్ళలో హెల్మ్ చెలరేగుతుంటే, కడ్డీ కిందికి వెళ్ళేసరికి గాలి టక్కున ఆగిపోతుంది. ఇంకొంచెం పడమరకు వెళితే, పిల్లగాలి ఎదురు దిక్కు నుంచి, అంటే పడమర నుంచి, రావడం కూడా కద్దు.

ఒక ఏప్రిల్ ఉదయం మా అమ్మాయి గుంజ చుట్టూ గొడుగులా తిరిగే దండెం మీద బట్టలు ఆరేసింది. సెల్లులో ఈశాన్యం, 14 మైళ్ళు, విసురు 26 అని ఉంది. బట్టలారడానికి ఇంతకన్నా మంచి రోజుంటుందా అనుకున్నాం. పక్కింటి పెద్దాయన, గొర్రెల మంద ఉన్నాయన, ప్రహరీ అవతలి నుంచి కొండ వంక చెయ్యి చూపించి, "హెల్మ్ పట్టింది, చూడండి. దుప్పట్లు తీసేయమనండి మీ అమ్మాయిని" అన్నాడు. క్రాస్ ఫెల్ నెత్తిన టోపీ మబ్బు అప్పటికే ఉంది. దుప్పట్లు సగం మడతపెట్టేలోగా మొదలైంది. ముందు చప్పుడు వచ్చింది. దూరాన గూడ్సుబండి పోతున్నట్టు ఆగకుండా ఒకే ఊపున వినిపించే హోరు. తరవాత గాలి. కొండ వైపు నుంచి నేల మట్టాన వచ్చి మోకాళ్ళను నెట్టే గాలి. దండెం నాలుగు రెక్కలూ గిరగిరా తిరిగి, ఒక దిండు గలీబు కంచె దాటి గొర్రెల పొలంలో పడింది. మధ్యాహ్నం కారులో లోయ అడుగున ఉన్న లాంగ్‌వత్‌బీ వైపు వెళితే, పొగగొట్టాల్లోంచి పొగ నిట్టనిలువునా లేస్తోంది. అక్కడి కొట్టాయనకు మేం గాలి గురించి చెబితే, "ఓహో, మీరు కొండకిందవాళ్ళా" అన్నాడు, అదేదో మా సొంత జబ్బయినట్టు.

ఈ గాలిని పట్టుబట్టి పరిశీలించినవాడు గోర్డన్ మాన్లీ అనే భూగోళశాస్త్రజ్ఞుడు. 1930లలో డరమ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, క్రాస్ ఫెల్ పక్కనున్న గ్రేట్ డన్ ఫెల్ శిఖరం దగ్గర ఒక చిన్న చెక్క గుడిసె వేయించాడు. మంచులో నడిచి అక్కడికి ఎక్కి, పరికరాల అంకెలు రాసుకుంటూ అందులోనే పడుకునేవాడు. లోయలో ఉన్న ఊళ్ళవాళ్ళు కూడా హెల్మ్ ఎప్పుడు పట్టిందీ ఎప్పుడు వదిలిందీ గమనించి ఆయనకు తెలియజేసేవారు. 1937 నుంచి 1939 దాకా చేసిన పరిశీలనల మీద ఆయన రాసిన పత్రం 1945లో అచ్చయింది. కొండ దాటిన గాలి అలగా మారి నిలబడుతుందని లోకానికి గట్టిగా చూపించిన తొలి పనుల్లో అదొకటి. 1659 నుంచి మొదలయ్యే మధ్య ఇంగ్లండు ఉష్ణోగ్రతల పట్టికను కూర్చినవాడు కూడా ఈ మాన్లీయే. ఇప్పుడు ఆ గ్రేట్ డన్ ఫెల్ మీద విమానాలను కనిపెట్టే రాడార్ తెల్లటి గుండ్రటి గుమ్మటంలో ఉంది. లోయలో ఎక్కడి నుంచి చూసినా కనిపిస్తుంది. అది మబ్బులో మునిగి, కింద మాత్రం ఎండ కాస్తూ, గాలి ఈశాన్యం నుంచి ఉందంటే, ఆ రోజు కొండ కింద గుడారం వేసుకోకూడదు.

మరి సెల్లు ఎందుకు చెప్పలేదంటారా? తప్పు పూర్తిగా దానిది కాదు. బ్రిటన్ వాతావరణ శాఖ, అదే మెట్ ఆఫీస్, తన దేశం కోసం నడిపే కంప్యూటర్ లెక్క భూమిని ఒకటిన్నర కిలోమీటర్ల గళ్ళుగా విడగొడుతుంది. ఒక్కో గడికి నేల ఎత్తు ఒకటే, గాలి ఒకటే. హెల్మ్ లాంటి పెద్ద అలను ఆ లెక్క చాలావరకు పసిగట్టగలదు. కానీ ఆ అల కొన ఈ ఊరి మీద పడుతుందా, పక్క ఊరి మీదనా అన్నది రెండు గళ్ళ తేడా. పైగా ఆ వేగం నేల నుంచి 10 మీటర్ల ఎత్తున, చుట్టూ అడ్డేమీ లేని మైదానంలో కొలిచినట్టు చెప్పే వేగం. ప్రపంచమంతా అదే కొలమానం. మూడంతస్తుల ఇంటి కప్పంత ఎత్తది. మీ పెరట్లో, కంచె చాటున, మనిషి భుజం ఎత్తున ఆ గాలి సగమే ఉండొచ్చు. అదే ఇంటి మూల తిరిగే చోట, రెండు గోడల మధ్య సందులో చెప్పినదాన్ని మించి ఉండొచ్చు.

ఎత్తూ చోటూ అంకెను ఎంత మార్చేస్తాయో 2022 ఫిబ్రవరి 18న బాగా తెలిసింది. ఆ రోజు యూనిస్ అనే తుపాను దక్షిణ ఇంగ్లండును తాకింది. వైట్ ద్వీపం కొసన నీడిల్స్ అనే చోట గంటకు 122 మైళ్ళ విసురు నమోదైంది. అంటే 196 కిలోమీటర్లు, ఇంగ్లండులో ఇప్పటిదాకా అదే రికార్డు. మర్నాడు పత్రికల నిండా ఆ అంకే. కానీ ఆ యంత్రం సముద్రంలోకి పొడుచుకొచ్చిన సుద్దకొండ అంచున, అలలకు 80 మీటర్ల పైన ఉంది. లోపలి ఊళ్ళలో గాలి దానికి చాలా తక్కువ. ఎవరైనా మీకు రికార్డు అంకె చెబితే, యంత్రం ఎక్కడ పెట్టారని అడగడం మరిచిపోకండి.

ఇక విసురు. బ్రిటన్‌లో సగటు వేగమంటే 10 నిమిషాల సగటు. విసురంటే అందులో మూడు సెకన్ల పాటు గాలి అందుకున్న గరిష్ఠ వేగం. మన వాతావరణ శాఖ తుపాను గాలిని 3 నిమిషాల సగటుతో చెబుతుంది, అమెరికావాళ్ళు ఒక నిమిషంతో. కాబట్టి అక్కడి అంకెనూ ఇక్కడి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సముద్రం మీద నునుపుగా సాగే గాలిలో విసురు సగటుకు మూడో వంతు ఎక్కువుంటే గొప్ప. నేల మీద చెట్లు, ఇళ్ళు, గుట్టలు తగిలేసరికి గాలి సుడులు తిరుగుతుంది, పైన జోరుగా పోతున్న గాలి ముద్దలు ముద్దలుగా కిందికి దిగుతుంది. అందుకే లోతట్టు పల్లెల్లో విసురు సగటుకు ఒకటిన్నర రెట్లు మామూలు, ఇళ్ళ నడుమ ఇంకా ఎక్కువ. గాలి నెట్టే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంపావు రెట్లు. 20 మైళ్ళ సగటు గాలిలో 40 మైళ్ళ విసురు వస్తే, ఆ మూడు సెకన్లూ మీ కంచె మీద పడేది నాలుగింతల తోపు. కంచె పలకలు విరిగేది సగటుకు కాదు, ఆ మూడు సెకన్లకు.

ఈ తేడా ఇంజనీర్లకు తెలిసొచ్చింది ప్రాణాల ఖర్చుతో. 1879 డిసెంబర్ 28 రాత్రి, స్కాట్లండులో టే నది ముఖద్వారం మీది రైలువంతెన గాలివానలో కూలి, రైలుతో సహా సుమారు 75 మంది నీళ్ళలో కలిసిపోయారు. ఒక్కరూ బతకలేదు. గాలి తోపుకు తగినంత లెక్క వేయలేదని విచారణలో తేలింది. ఆ తరవాత ఫోర్త్ వంతెన కట్టేటప్పుడు బెంజమిన్ బేకర్ అనే ఇంజనీరు నదిలోని చిన్న లంక మీద గాలి పలకలు నిలబెట్టాడు. ఒకటి 300 చదరపు అడుగుల పెద్ద పలక, దాని పక్కన ఒకటిన్నర చదరపు అడుగుల చిన్నవి. ఏళ్ళ తరబడి చూస్తే, అడుగుకు ఇంత అని లెక్కగట్టినప్పుడు చిన్న పలక మీద తోపు పెద్ద పలక మీద కన్నా ఎక్కువగా వచ్చింది. జోరైన విసురు పెద్ద పలకనంతా ఒకేసారి కమ్మదు, ఒక చెంప కొట్టి పోతుంది. గంటకు 45 మైళ్ళ గాలి మూడు సెకన్లలో పోయే దూరం 60 మీటర్లు. అంటే ఒక విసురు నిడివి ఊళ్ళో నాలుగైదు ఇళ్ళంత. మీ పెంకులు లేచిపోయి పొరుగింటి పూలకుండీ చెక్కుచెదరలేదంటే అందులో దేవుడి పక్షపాతం ఏమీ లేదు.

విసురుకు వేళలు కూడా ఉన్నాయి. మబ్బులేని రాత్రి నేల చల్లబడి, దానినానుకున్న గాలి బరువెక్కి కదలకుండా పడుకుంటుంది. వందల మీటర్ల పైన గాలి పోతూనే ఉంటుంది, కింద ఆకు కదలదు. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి పైకీ కిందికీ కలియడం మొదలవుతుంది, పైజోరు కిందికి దిగుతుంది. తెల్లవారుజామున ప్రశాంతంగా ఉందని పబ్బువాళ్ళు గొడుగులు తెరిచి బల్లలు వేస్తే, పదకొండు గంటలకు వాటి వెంట పరిగెత్తాల్సి రావడానికి కారణం ఇదే.

మళ్ళీ దిక్కు దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇందాకటి నా వాదనకు గట్టి సాక్ష్యం 2021 నవంబర్ 26న దొరికింది. ఆ రాత్రి ఆర్వెన్ అనే తుపాను ఉత్తర ఇంగ్లండు, తూర్పు స్కాట్లండు మీద పడింది. నార్తంబర్లండ్‌లో బ్రిజ్లీ వుడ్ అనే చోట విసురు 98 మైళ్ళు. వేగంలో అంతకు మించిన తుపాన్లు ఆ దేశం చూసింది. కానీ ఆర్వెన్ ఉత్తరం, ఈశాన్యం నుంచి వచ్చింది. అక్కడి చెట్లు పుట్టిన దగ్గర్నుంచీ పడమటి గాలికి ఎదురొడ్డి పెరిగినవి. వేళ్ళు, మాను, కొమ్మలు అన్నీ ఆ తోపును కాచుకోవడానికే బలిసి ఉంటాయి. ఆ బలం లేని వైపు నుంచి వచ్చిన గాలి వాటిని బారులు బారులుగా పడదోసింది. లేక్ డిస్ట్రిక్ట్‌లో కూడా అడవులకు అడవులు కూలాయి. అవి తీగల మీద పడి దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా ఇళ్ళకు కరెంటు పోయింది. కొండపల్లెల్లో కొందరికి వారం దాటినా రాలేదు. 1987 అక్టోబర్ 16 నాటి దక్షిణాది గాలివానలో కోటిన్నర చెట్లు కూలినప్పుడు కారణం వేరు: ఆకు ఇంకా రాలలేదు, నేల వానకు నాని మెత్తబడి ఉంది. ఆకు నిండుగా ఉన్న చెట్టుకు గాలి పట్టు ఎక్కువ, నానిన నేలలో వేరుకు పట్టు తక్కువ. రెండు సందర్భాల్లోనూ వేగం ఒక్కటే చూసి కూర్చుంటే సగం సంగతి తెలియదు. దిక్కు మారితే ఏమవుతుందో మన విశాఖవాళ్ళకు వేరుగా చెప్పనక్కరలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కన్ను ఊరి మీదకు వచ్చి గాలి ఆగినప్పుడు అయిపోయిందనుకుని బయటికి వచ్చినవాళ్ళకు, కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టింది.

మెట్ ఆఫీస్ ఇచ్చే గాలి హెచ్చరికల రంగులు, పసుపు, అంబర్, ఎరుపు, వేగాన్ని బట్టి వేసేవి కావు. నష్టం ఎంత జరగవచ్చు, జరిగే అవకాశం ఎంత అన్న రెండూ కలిపి వేస్తారు. కాబట్టి పసుపు అంటే చిన్న గాలి తప్పక వస్తుందని కావచ్చు, పెద్ద గాలి రావడానికి కొద్దిపాటి అవకాశం ఉందనీ కావచ్చు. రంగు చూసి ఊరుకోకుండా కింద రాసింది చదవాలి. ఇక మైళ్ళు, నాట్లు, కిలోమీటర్ల గొడవ చిన్నది: ఒక మైలు 1.6 కిలోమీటర్లు, ఒక నాట్ 1.85.

యంత్రం లేకపోయినా గాలిని కొలవొచ్చు. నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1806లో తన డైరీలో తెరచాపల కోసం వేసుకున్న మెట్లను, నూరేళ్ళ తరవాత జార్జ్ సింప్సన్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు నేల మీది గుర్తులకు మార్చాడు. ముఖానికి గాలి తగిలి ఆకులు గలగలమంటే రెండో మెట్టు. దుమ్మూ కాగితాలూ లేస్తే నాలుగు. గొడుగు పట్టుకోవడం కష్టమై తీగలు ఈలవేస్తే ఆరు. రెమ్మలు విరిగి పడుతుంటే ఎనిమిది, పొగగొట్టం కుండలు, పైకప్పు పలకలు లేచిపోతే తొమ్మిది. పొలంలో మందు కొట్టే రైతుకు ఇందులో రెండో మెట్టు శ్రేష్ఠమని ఆ దేశపు నియమావళి. గాలి అసలే లేకపోతే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. వెచ్చటి ఎండపూట గాలి బొత్తిగా ఆడకపోతే సన్నటి తుంపర నేలకు దిగక గాలిలో తేలి, ఎటు పోతుందో తెలియకుండా పక్కవాడి తోటలోకి చేరుతుంది. కాస్త గాలి ఉంటే కనీసం ఎటు పోతుందో తెలుస్తుంది, పొరుగువాడు లేని వైపు చూసి కొట్టొచ్చు.

చెత్తబండి వచ్చే రోజు కూడా అంతే, మంచిదనిపించిందే చెడ్డదవుతుంది. చక్రాల చెత్తడబ్బాను అందరూ రాతిగోడ చాటున పెడతారు. కానీ సందులేని గోడ దాటిన గాలి వెంటనే కిందికి సుడి తిరిగి, గోడ చాటునున్న డబ్బానే దొర్లిస్తుంది. పొదల కంచె చాటు మంచిది. అది గాలిని ఆపదు, సందుల్లోంచి పోనిచ్చి మెత్తబరుస్తుంది. డబ్బా హ్యాండిలు గాలికి ఎదురుగా పెట్టాలా, మూత ఎదురుగా పెట్టాలా అని మా అమ్మాయి వాళ్ళ వీధిలో రెండు పక్షాలున్నాయి. నేను అందులో తలదూర్చలేదు.

మరో పాత చిట్కా. గాలికి వీపుపెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. 1857లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బలోట్ చెప్పిన సూత్రమిది. భూమధ్యరేఖకు మరీ దగ్గర తప్ప, దానికి ఉత్తరాన ఎక్కడైనా చెల్లుతుంది, మచిలీపట్నంలోనూ చెల్లుతుంది. లోయలో నేల మీది గాలిని కొండలు మళ్ళిస్తాయి కాబట్టి, అక్కడ కింది మబ్బులు పోయే దిక్కు చూసి నిలబడాలి. నైరుతి గాలి అంటే అల్పపీడనం వాయవ్యాన, సముద్రం మీద ఉందన్నమాట. చలిగాలి పొర ముందుకొచ్చి మీ ఊరు దాటినప్పుడు గాలి నైరుతి నుంచి వాయవ్యానికి, గడియారం ముల్లు తిరిగే వైపు మళ్ళుతుంది. దాన్ని వీరింగ్ అంటారు. వాన తెరిపిస్తుంది, విసురు పెరుగుతుంది. అలా కాకుండా గాలి ముల్లుకు ఎదురు తిరిగి దక్షిణానికి, ఆగ్నేయానికి వెనక్కి మళ్ళుతుంటే, దాన్ని బ్యాకింగ్ అంటారు, ఇంకో అల్పపీడనం దారిలో ఉందని అనుకోవాలి.

ఈ రెండు మాటలూ అక్కడి జనం నోళ్ళలో నానడానికి కారణం రేడియోయే. నావికుల కోసం చదివే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్ బీబీసీలో నూరేళ్ళుగా వస్తోంది. సముద్రాన్ని 31 ప్రాంతాలుగా పంచి, ఒక్కోదానికి దిక్కు, బోఫర్ట్ మెట్టు, వాన, చూపు ఎంత దూరం ఆనుతుందో వరసగా చదువుతారు. దిక్కే ముందు. "త్వరలో" అంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లోపు అని, "తరవాత" అంటే పన్నెండు గంటలు దాటాక అని గాలివాన హెచ్చరికల్లో వాళ్ళకు లెక్క ఉంది. ఈడెన్ లోయకు సముద్రం లేదు. అయినా మా పక్కింటి గొర్రెల పెద్దాయన రాత్రిపూట అది విననిదే పడుకోడు. ఈనికల రోజుల్లో మరీ. లోయకు పడమర ఉన్న ఐరిష్ సముద్రం భాగం ఆయన సగం చెవితోనే వింటాడు. ఆయన రేడియో గొంతు పెంచేది కొండకు అవతల, తూర్పు తీరాన ఉన్న టైన్ ప్రాంతం పేరు వచ్చినప్పుడు. టైన్‌లో ఈశాన్యం, ఐదో మెట్టో ఆరో అని వినబడితే, టార్చిలైటు పుచ్చుకుని వెళ్ళి, అప్పుడే పుట్టిన పిల్లలున్న గొర్రెలను కొండ వైపు దొడ్డిలోంచి రోడ్డు వైపు దొడ్డిలోకి మారుస్తాడు.